గడువు రాష్ట్రానికా, మనిషికా?

(అమెరికాలో, నేపర్‌విల్‌లో ఉంటున్న ఇద్దరి మాటలివి. ఎవరు ఏ ఊరి నుంచి వచ్చారో ఆ ఊరి పేరే వాళ్ళకు పెట్టాను.)

కూకట్‌పల్లి: నేను కదల్లేదు చెల్లెమ్మా, గీత కదిలింది. మా నాన్న 1977లో గుంటూరు జిల్లా నుంచి రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌లో ఉద్యోగానికి వచ్చాడు. అప్పుడది వేరే రాష్ట్రం కాదు, వేరే జిల్లా. నేను పుట్టిందీ చదివిందీ కూకట్‌పల్లిలోనే. మా తమ్ముడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. వాడి కూతుర్ని పదో తరగతి దాకా హైదరాబాదులో చదివించి, ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో వేశారు. ఆ రెండేళ్ళ పుణ్యమా అని మెడికల్ సీటు దగ్గర పిల్ల తెలంగాణకు నాన్‌లోకల్. పోనీ ఆంధ్రాలో లోకలా అంటే, అక్కడా నాలుగేళ్ళు నిండలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయింది. రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు, ఒక్కటిగా ఉన్నరోజుల్ని నమ్ముకుని వచ్చి స్థిరపడ్డ కుటుంబానికి ఉన్నచోటే ఉన్న హక్కులన్నీ ఉండాలి. నేను దయ చూపమని అడగడం లేదు.

హనుమకొండ: మీ తమ్ముని బిడ్డకు జరిగిందే మా అక్క కొడుకుకు జరిగింది అన్నా. వాణ్ని గూడ విజయవాడ హాస్టల్లనే ఏసిన్రు. మా తాతముత్తాతలంత ఓరుగల్లు కోట కాడోళ్ళు. అయినా వాడు నాన్‌లోకలే. అంటే ఈ నియమం మీ మూలం అడుగుతలేదు, బోనఫైడ్ అడుగుతున్నది. తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు ఏడ చదివినవ్, అంతే. ఇది 2014 తర్వాత పుట్టిన లెక్క గూడ కాదు, 1974 రాష్ట్రపతి ఉత్తర్వులది. కలిసున్నప్పుడు ఈ లెక్కతోనే కోస్తా నుంచి వచ్చిన పిల్లలు హైదరాబాద్‌ల నాలుగేండ్లు చదివి ఉస్మానియా లోకల్ అయిన్రు. అప్పుడు ఎవ్వరికీ అన్యాయం అనిపియ్యలే.

కూకట్‌పల్లి: 1974 ఉత్తర్వులో రెండో దారి కూడా ఉండేది. నాలుగేళ్ళు కుదరకపోతే ఏడేళ్ళ చదువు తీసుకుని, అందులో ఎక్కువ కాలం ఎక్కడ గడిచిందో చూసేవారు. ఆ దారిలో మా పిల్లా, మీ అక్క కొడుకూ ఇద్దరూ గట్టెక్కేవారు. 2024 జులైలో వచ్చిన జీవో 33 నాలుగేళ్ళ దగ్గరే గిరి గీసింది. తెలంగాణలో శాశ్వతంగా నివసించే వాళ్ళకు దీన్ని అడ్డుపెట్టొద్దని హైకోర్టు ఆ సెప్టెంబరులో చెప్పింది. ఏడాది తిరక్కుండానే, 2025 సెప్టెంబరు 1న, సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి ప్రభుత్వం మాటే నిలబెట్టింది. మినహాయింపులు ఎవరికి దక్కాయో చూశావా? బయట రాష్ట్రాల్లో పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లలకు, ఐఏఎస్, ఐపీఎస్‌ల పిల్లలకు, సైనికుల పిల్లలకు. బదిలీ మీద పోయినవాడికి లెక్కలో సడలింపు. పొట్ట చేతపట్టుకుని పోయినవాడికి లేదు.

హనుమకొండ: ఆ మాట ఒప్పుకుంట. అయితే మినహాయింపు దొరకనోళ్ళల్ల మొదటోళ్ళు మీరు కాదు, పాలమూరోళ్ళు. బొంబాయి, పుణెల్ల తట్టలు మోసి, బిల్డింగులు కట్టి, పిల్లల్ని ఎంటేసుకొని తిరిగినోళ్ళు. వాళ్ళకు ఏ రాష్ట్రంల నాలుగేండ్ల బోనఫైడ్ దొరుకుతది? దాని మీద మీతోని కొట్లాడ. కానీ మీ అసలు వాదన అది కాదు. పాత రాష్ట్రాన్ని నమ్ముకొని వచ్చినమన్నరు. ఆ రాష్ట్రం ఏ షరతు మీద పుట్టిందో చెప్పకుంట నమ్ముకున్నమంటె ఎట్ల? 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల పెద్దమనుషుల ఒప్పందమైంది. తెలంగాణ ఉద్యోగాలకు పన్నెండేండ్ల నివాసం ఉండాలె అన్నరు. ఆ సంతకాలైనంకనే నవంబర్ ఒకటి వచ్చింది. అంతకు నాలుగేండ్ల ముందే, 1952ల, నాన్‌ముల్కీలు, అంటె బయటోళ్ళు, పోవాలని పిల్లలు రోడ్డు మీదికొస్తే సిటీ కాలేజీ కాడ తూటాలు పేలినయి. అంటే భయం ముందే ఉన్నది, ఆ భయానికి మందుగనే ఒప్పందం రాసిన్రు. మందు ఇయ్యకుంట రోగిని తిడితే?

కూకట్‌పల్లి: ఒప్పందాన్ని తుంగలో తొక్కారంటే నేను కాదనను. దొంగ ముల్కీ సర్టిఫికెట్ల కథలు మా ఇంట్లో కూడా చెప్పుకునేవారు. కానీ తొక్కింది ప్రభుత్వాలు. కాగితం మీద కాగితం ఉల్లంఘించింది సచివాలయంలో కూర్చున్నవాళ్ళు. ఆ బాకీ కూకట్‌పల్లిలో అద్దెకున్నవాడి మనవరాలి దగ్గర వసూలు చేస్తామంటే ఎలా?

హనుమకొండ: వసూలు అనకుండ్రి. ముందు 1969 సంగతి వినుండ్రి. నివాస నిబంధన పెట్టిన 1957 చట్టంల మూడో సెక్షన్‌ను ఆ మార్చి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఏమని? రాజ్యాంగంల పదహారో అధికరణం మూడో క్లాజు ప్రకారం పార్లమెంటు ఒక రాష్ట్రం మొత్తానికి నివాస షరతు పెట్టొచ్చట, రాష్ట్రంల ఒక భాగానికి పెట్టరాదట. ఆ తీర్పు మల్లొకసారి సదువుండ్రి. తెలంగాణ రాష్ట్రంల భాగమైనంత కాలం రక్షణ దొరకదు, రక్షణ కావాల్నంటె రాష్ట్రం కావాలె. మాకు దారి చూపింది ఉద్యమం కన్న ఎక్కువ ఆ తీర్పే. తర్వాత 1972 అక్టోబర్‌ల అదే కోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతయన్నది. వెంటనే అటుదిక్కు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. 1973ల ఆరు సూత్రాలు వచ్చినయి, ముల్కీ నిబంధనలు పోయినయి. వాటి జాగల రాజ్యాంగంల వచ్చిన 371డి అధికరణం ప్రకారం నడువలేదని 1985 డిసెంబర్‌ల 610 జీవో. దాన్ని నడిపియ్యలేదని 2001ల గిర్‌గ్లానీ కమిషన్. ఒక్కొక్క మాట తప్పినపుడల్ల ఇంకొక్క కాయితం.

కూకట్‌పల్లి: అదే 1969లో, నువ్వు చెప్పిన తీర్పు వచ్చిన నెల లోపే, ఏప్రిల్ 21న, అమెరికా సుప్రీంకోర్టు షపీరో కేసులో తీర్పిచ్చింది. కొత్తగా వచ్చిన పేదవాళ్ళకు ఏడాది నివాసం నిండితేనే సంక్షేమ సాయం అని కొన్ని రాష్ట్రాలు పెట్టిన నియమం చెల్లదంది. దేశంలో ఎక్కడికైనా వెళ్ళి బతికే హక్కంటే వెళ్ళినచోట సమానంగా బతికే హక్కు అని దాని సారం. ఒకే వసంతంలో రెండు దేశాల కోర్టులూ ఒకే దిక్కుకు చూశాయి. ఇంకోటి. నీ ముల్కీ నిబంధనలంటే నాకు కోపం లేదు, గౌరవమే. 1919 నాటి నిజాం ఫర్మానాలో ఏముంది? పదిహేనేళ్ళు స్థిరంగా ఉండి, వెనక్కి పోయే ఆలోచన మానుకున్నానని అఫిడవిట్ ఇస్తే బయటవాడూ ముల్కీయే. నిజాం తలుపు పెట్టాడు. 2014 జులైలో విద్యార్థుల ఫీజులకు తెచ్చిన ఫాస్ట్ పథకంలో తలుపే లేదు. 1956 నవంబరు 1కి ముందు నీ వంశం తెలంగాణలో ఉందా అని అడిగింది. మా నాన్న ముప్పై ఏడేళ్ళు అక్కడ పన్ను కట్టినా, 1956కి ముందు తెలంగాణలో ఉన్న తాతను ఎక్కణ్ణించి తేగలడు?

హనుమకొండ: ఫాస్ట్ తప్పు. అప్పుడు గూడ తప్పన్న, మావోళ్ళు నన్ను గుర్రుగ చూసిన్రు. తాతను అడిగేది స్థానికత కాదు, కులం లెక్క ఇంకొకటైతది. హైకోర్టు మందలిచ్చినంక ప్రభుత్వమే ఎనుకకు తీసుకున్నది. దాన్ని పట్టుకొని మొత్తం వాదాన్ని కొట్టకుండ్రి. నేను రెండు హక్కులను వేరు చేస్త. ఉండే హక్కు ఒకటి, పాలు పంచుకునే హక్కు ఇంకొకటి. హైదరాబాద్‌ల ఉండు, ఇల్లు కొను, వ్యాపారం చెయ్యి, ఓటెయ్యి, ఎమ్మెల్యేగ నిలబడు. ఎవ్వడన్న వద్దన్నడా? ప్రభుత్వ కొలువుల్ల, మెడికల్ సీట్లల్ల మాత్రం ఎనుకపడ్డోనికి మొదలు పెట్టాలె అంటున్నం. ఎల్లగొట్టుడు వేరు, వరుసల ఎనుక నిలబెట్టుడు వేరు.

కూకట్‌పల్లి: వరుసలో ఎప్పటికీ వెనకే నిలబడేవాణ్ణి ఏమంటారో ఈ దేశంలో మనకు బాగా తెలుసు. పాలు లేని నివాసం అద్దె నివాసమే. భయం కూడా ఉత్తదేం కాదు. విభజన చట్టంలో సెక్షన్ 8 ఎందుకు పెట్టారు? ఉమ్మడి రాజధానిలో ఉండేవాళ్ళ ప్రాణానికీ ఆస్తికీ గవర్నరు బాధ్యత అని రాయాల్సి వచ్చిందంటే, ఢిల్లీలో కూర్చుని రాసినవాడికి కూడా అనుమానం ఉన్నట్టే. 2014 ఆగస్టు 19 సమగ్ర కుటుంబ సర్వే రోజు మా తమ్ముడింట్లో అందరూ తలుపు దగ్గరే కూర్చున్నారు, పేర్లు ఎక్కకపోతే ఏమవుతుందోనని.

హనుమకొండ: ఆ రోజు మావోళ్ళు గూడ బొంబాయి నుంచి బస్సులెక్కి ఊర్లకొచ్చిన్రు, పేరు ఎక్కకపోతే ఏమైతదోనని. భయం మీ ఒక్కళ్ళ సొత్తు కాదు. మీ భయాలల్ల ఏది నిజమైంది చెప్పుండ్రి. సెక్షన్ 8 వాడుకునే పని పడిందా? 2016 గ్రేటర్ ఎన్నికల్ల టీఆర్ఎస్‌కు 150ల 99 వచ్చినయి. సెటిలర్లు ఓటెయ్యకుంటనే వచ్చినయా?

కూకట్‌పల్లి: పెద్దవాళ్ళకు ఏమీ కాలేదు, నిజమే. కాంట్రాక్టర్లు, స్టూడియోల వాళ్ళు, వెంచర్లు వేసేవాళ్ళు విభజన మర్నాడే కొత్త ప్రభుత్వ సచివాలయంలో శాలువాలు కప్పారు. దెబ్బ ఎవరికి తగిలింది? 2015 జూన్‌లో తెలంగాణ విద్యుత్ సంస్థలు, మీది ఆంధ్రా స్థానికత అని వెయ్యి మందికి పైగా ఉద్యోగులను ఒక్క ఉత్తర్వుతో రిలీవ్ చేశాయి. అటు ఆంధ్రా సంస్థలు చేర్చుకోబోమన్నాయి. కోర్టులు, మధ్యలో జస్టిస్ ధర్మాధికారి కమిటీ, మళ్ళీ సుప్రీంకోర్టు. ఇంటి కిస్తీలు కట్టుకునే మధ్యతరగతి మనిషిని రెండు రాష్ట్రాలూ నడివీధిలో నిలబెట్టాయి. సెటిలర్లలో గద్దలను వదిలేసి పిచ్చుకలను పట్టుకున్నారు.

హనుమకొండ: దానికి నేను జవాబు చెప్పలేను. నిజంగ చెప్పలేను. ఉద్యమంల మేం గద్దల గురించే పాటలు పాడినం, చివరికి కూసున్నది వాళ్ళ పక్కపొంటి. కానీ ఆ వెయ్యి కుర్చీల కోసం ఎదురు చూసినోళ్ళు గూడ మధ్యతరగతే గదన్నా. నీళ్ళు, నిధులు, నియామకాలు అన్నం. నీళ్ళు, నిధులు కంటికి కనపడయి. ఇంట్ల డిగ్రీ చదివి పదేండ్లు ఖాళీగ కూసున్న పిలగానికి కనపడేది నియామకమే.

(రాస్తున్నవాడి మాట ఒకటి. ఇద్దరిలో ఆమెకు ఇదే ఇబ్బందికరమైన ప్రశ్న అని నాకు అనిపించింది. ఉద్యోగం లేని పిల్లవాడి బాధ నిజం. దానికి ఉద్యోగంలో ఉన్న మనిషిని లేపడం సమాధానమా అన్నది వేరే ప్రశ్న. ఆమె మొదటిదానికి జవాబు చెప్పి రెండోదాన్ని దాటేసింది.)

కూకట్‌పల్లి: పిచ్చుకల సంగతి ఇంకొంచెం చెప్పనీ. మనవాళ్ళకు ఈ పాఠం కొత్త కాదు, బర్మాలోనే చదివారు. కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి రంగూన్ వెళ్ళడమంటే ఒకప్పుడు దేశంలోనే ఒక మూల నుంచి ఇంకో మూలకు పోవడం. 1937 ఏప్రిల్ 1న బర్మాను బ్రిటిష్ ఇండియా నుంచి విడదీశారు. పడవ దిగినచోట నిలబడ్డ కూలీ ఆ పొద్దున పరదేశి అయ్యాడు. 1941లో భారత, బర్మా ప్రభుత్వాలు వలస ఒప్పందం రాసుకున్నాయి, పర్మిట్లు, వీసాలు అన్నారు. మరుసటేడే జపాను వాళ్ళు రావడం, జనం కొండలూ అడవులూ పట్టి నడిచి రావడం. మిగిలినవాళ్ళను 1960లలో నె విన్ ప్రభుత్వం ఖాళీ చేయించింది. విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అని ఇప్పటికీ ఉంది, వెళ్ళి చూడు. అక్కడా ముందు రాసింది జాబితాలే. ఎవరు ఎన్నేళ్ళుగా ఉన్నారు, ఎవరిది తాత్కాలికం, ఎవరిది శాశ్వతం అని.

హనుమకొండ: హైదరాబాద్‌ను రంగూన్‌తోని పోల్చుడు అన్యాయం. ఆడ దేశమే వేరైంది. ఈడ మీ పాస్‌పోర్టు మారలే, జెండ మారలే. అయినా మీరు ఎత్తిన్రు కాబట్టి అడుగుత. 1930 మే నెల రంగూన్ రేవుల ఏం జరిగింది? తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టిన్రు. దొరలు బర్మావాళ్ళను పనిల పెట్టిన్రు. సమ్మె ఒడిశినంక ఆ బర్మావాళ్ళను పో అన్నరు. దానితోని కొట్లాట, చచ్చిందంత కూలోళ్ళే. ఊరు వాళ్ళది, రేవుల పని బయటోళ్ళది, లాభం మూడోవాడిది. బర్మావాడి కోపంల న్యాయం లేదా?

కూకట్‌పల్లి: ఉంది. పూర్తిగా ఉంది. కానీ న్యాయమైన కోపం తప్పు ఇంటి తలుపు తట్టింది. నేను చెప్పేదీ అదే. పైగా స్థానికత అనే యంత్రం ఒకసారి తిరగడం మొదలెడితే బయటవాడి దగ్గర ఆగదు. 2021 డిసెంబరులో 317 జీవో వచ్చింది. జిల్లాలు ముప్పై మూడయ్యాయి, కొత్త జోన్లు వచ్చాయి, టీచర్లను సీనియారిటీ ప్రకారం పంచారు. భార్య ఒక జిల్లా, భర్త ఇంకో జిల్లా. పుట్టిన జిల్లాకు తాము నాన్‌లోకల్ అయ్యామని ఏడ్చింది గుంటూరువాళ్ళు కాదు, మీ వరంగల్, కరీంనగర్ వాళ్ళు.

హనుమకొండ: మా వదిన గూడ ఉన్నదండ్ల. అది అడ్డగోలుగ చేసిన పంపకం. యంత్రం అన్నరు కద, యంత్రాన్ని సక్కగ నడపమంటం గని పగలగొట్టుమనం. సరే, ఇగ మనమున్న ఈ దేశం సంగతికొద్దాం. నేపర్‌విల్‌ల మీరు పొద్దున లేచి సాయంత్రం దాక ఒప్పుకునే నియమాలు హైదరాబాద్‌ల ఎందుకు ఒప్పుకోరు? మీ పెద్దోడు రేపు సరిహద్దు దాటి ఇండియానాల పర్డ్యూకు పోతె, లేకపోతె మాడిసన్ పోతె, అక్కడి పిల్లగాని కన్న ఎన్నోరెట్లు ఫీజు కడుతరు. ఇల్లినాయ్ యూనివర్సిటీకి విస్కాన్సిన్ పిల్ల వస్తె ఆ పిల్ల గూడ ఎక్కువే కడుతది. అందరూ ఒకే దేశపు పౌరులే. ఏ తండ్రన్న దాన్ని ద్వేషం అన్నడా?

కూకట్‌పల్లి: అనలేదు, ఎందుకంటే ఆ నియమం ఏ కుటుంబం స్థిరపడ్డాక దాని కింద నేలను చీల్చి పెట్టింది కాదు. ఇంకా చెప్పాలంటే ఈ ఊరి దగ్గరే చీలిక ఉంది. మన డ్యూపేజ్ కౌంటీ 1839 దాకా కుక్ కౌంటీలో భాగం. విడిపోయాక ఇటున్నవాడు అటు నాన్‌లోకల్ అయ్యాడని ఎక్కడా వినలేదు. పైగా ఇక్కడ లోకల్ కావడం ఎంత తేలిక! రూట్ 59 పక్కన అపార్ట్‌మెంట్ లీజు, కరెంటు బిల్లు చూపించగానే 204 డిస్ట్రిక్ట్ బళ్ళో మా పిల్లల్ని చేర్చుకున్నారు. 2003లో ఇల్లినాయ్ ఒక చట్టం చేసింది. ఇక్కడి హైస్కూల్లో మూడేళ్ళు చదివి పాసైతే, కాగితాలు లేకుండా వచ్చిన పిల్లలకు కూడా రాష్ట్ర విద్యార్థుల ఫీజే. కాగితాలే లేని పిల్లకు ఇక్కడ మూడేళ్ళు చాలు. అక్కడే పుట్టి, పదో తరగతి దాకా అక్కడే చదివిన భారత పౌరురాలికి హైదరాబాదులో చాలలేదు.

హనుమకొండ: ఆ చట్టం మీదనే 2025 సెప్టెంబర్‌ల ఇక్కడి కేంద్ర ప్రభుత్వం కోర్టుకు పోయింది, మర్చిపోయిన్రా? ఇంకా, బడి తేలికన్నరు. బడి అయిపోయినంక? మీ పెద్దోనికి ఇరవై ఒకటి నిండితె మీ వీసా నీడ పోతది. దేశానికి ఏడు శాతం అని గీసిన గీత కింద గ్రీన్‌కార్డు వరుసల పదేండ్లు దాటినా మీరు నోరు ఎత్తలే. ఇంటాయన గీసిన గీత అని తల వంచిన్రు. మరి తెలంగాణ ఇంటిది కాదా?

కూకట్‌పల్లి: ఇక్కడ నేను అతిథిని, తెలిసే వచ్చాను. వీసా కాగితం మీద గడువు రాసే ఉంది. హైదరాబాదులో నేను అతిథిని కాను, నాకు గడువు చెప్పినవాడు లేడు. తేడా అంతా అక్కడే ఉంది. బ్రిటన్ చూడు. 2020 జనవరి 31న యూరప్ యూనియన్‌లోంచి బయటికొచ్చింది. వలసలు వద్దనే ఓటుతోనే వచ్చింది. అయినా అప్పటికే వచ్చి ఉన్న పోలండ్, రుమేనియా వాళ్ళకు ఒప్పందంలో ఏం రాసింది? ఐదేళ్ళు ఉన్నవాడికి శాశ్వత హోదా, ఐదు నిండనివాడు నిండేదాకా ఉండొచ్చు. చదువు, వైద్యం, పని అన్నీ ముందున్నట్టే, పిల్లలకు కూడా. తలుపు కొత్తగా వచ్చేవాళ్ళకు మూశారు, లోపలున్నవాళ్ళకు కాదు. మన విభజన చట్టం ఏం చేసింది? సెక్షన్ 95లో పాత అడ్మిషన్ల కోటాలు పదేళ్ళకు మించకుండా అని రాసింది. 2024 జూన్ 2తో సరి. ఆ గడువు రాష్ట్రానికి పెట్టారు, మనిషికి కాదు. 2014లో హైదరాబాదులో పుట్టిన పిల్లకు ఆ గడువు ముగిసేసరికి పదేళ్ళు. ఆ హక్కు వాడుకునే వయసు రాకముందే అది పోయింది.

హనుమకొండ: బ్రిటన్ లెక్కనే పట్టుకుందాం. ఆడ అడగకుంట ఇయ్యలే. 2021 జూన్ 30 లోపల దరఖాస్తు పెట్టాలె, పెట్టనోడు పోయిండు. కూకట్‌పల్లిల ఎవ్వరన్న దరఖాస్తు పెట్టిన్రా? ఇంకొకటి, ఆ శాశ్వత హోదా వచ్చినోడు వరుసగ ఐదేండ్ల కన్న ఎక్కువ బయట ఉంటె అది గూడ పోతది. మీరు అమెరికాకు వచ్చింది 2012ల. విడిపోయిన రోజు మీరు నేపర్‌విల్‌ల ఉన్నరు. బ్రిటన్ కొలత మీకు పెడితె మీ తమ్ముడు నెగ్గుతడు, మీరు ఓడుతరు.

కూకట్‌పల్లి: ఓడతాను. ఓడినా ఆ కొలత మంచిదే అంటాను. మనిషిని చూసి కొలిచింది కదా.

హనుమకొండ: మనిషిని చూసి జీవితకాలం ఇస్తె, వాని పిల్లలకిస్తె, ఆ పిల్లల పిల్లలు అడుగుతరు. అట్లయితె విడిపోయినట్టు ఎప్పుడు? అరవై ఏండ్లు కొట్లాడి తెచ్చుకున్నది మ్యాపుల రంగు మారుటానికా? పదేండ్లు ఇచ్చినం. అటుదిక్కు పోయేటోళ్ళకు గూడ మొదలు మూడేండ్లు అన్నరు, పెంచుకుంట పోయి అదే 2024 జూన్ 2 దాక తెలంగాణ నుంచి ఆంధ్రకు పోయినోళ్ళను స్థానికులుగ లెక్కపెట్టిన్రు. రెండు తలుపులు పదేండ్లు తెరిచే ఉన్నయి. ఎటు పోతవో తేల్చుకోమన్నట్టే కద?

కూకట్‌పల్లి: తేల్చుకోమంటే, పుట్టినచోట ఉండిపోవడం కూడా తేల్చుకోవడమే కదమ్మా. మా తమ్ముడు ఉండిపోయాడు. అంతకంటే ఏం చెయ్యాలి?

హనుమకొండ: గీత కదిలింది అని మీరు మొదట్ల అన్న మాట నా చెవులనే ఉన్నది. నిజంగ గీత కదిలినోళ్ళు ఎవరో చెప్పాల్నా? కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం. పోలవరం కోసం ఖమ్మం జిల్లా మండలాలు ఏడింటిని కోసి ఆంధ్రల కలిపిన్రు. 2014 మేల ఆర్డినెన్సు, జులైల పార్లమెంటు. భద్రాచలం గుడి ఒకరికి, చుట్టున్న ఊర్లు ఇంకొకరికి. 1959 దాక అండ్ల భద్రాచలం దిక్కు నేల తూర్పుగోదావరిలనే ఉండె అంటరు, తెలుసు. కానీ ఆడున్న కోయ రైతును అటు పోతవా ఇటు ఉంటవా అని 1959ల అడగలే, 2014ల అడగలే. ఆ ఊర్లు మునుగుతయి గూడ. కూకట్‌పల్లి నుంచి వాళ్ళ కోసం ఒక్క ర్యాలీ పోయిందా?

కూకట్‌పల్లి: పోలేదు. హనుమకొండ నుంచి?

హనుమకొండ: రెండు, మూడు బందులు చేసినం. తర్వాత మర్చిపోయినం.

కూకట్‌పల్లి: సరే, ఇంతసేపూ ఒకరి నియమాన్ని ఒకరం చీల్చాం. నన్నడిగితే ఇలా రాస్తాను. 2014 జూన్ 2 నాటికి తెలంగాణలో పదేళ్ళుగా స్థిరపడిన కుటుంబంలో పుట్టిన పిల్లలు స్థానికులు, ఇంటర్ ఎక్కడ చదివినా సరే. ఆ తేదీ తర్వాత వచ్చినవాళ్ళకు నాలుగేళ్ళ లెక్క పెట్టుకోండి, నేను అడ్డురాను.

హనుమకొండ: మా అక్క కొడుకు గూడ దాంట్ల వస్తడు కాబట్టి సగం ఒప్పుకుంట. ఒక్క వాక్యం కలుపుత. మీరు మెచ్చుకున్న నిజాం ఫర్మానాలదే. తిరిగి పోయే ఆలోచన మానుకున్న అని అఫిడవిట్ ఇయ్యాలె. రెండు రాష్ట్రాలల్ల ఒక్కటే స్థానికత, ఈ తరానికీ వచ్చే తరానికీ. గుంటూరు భూములు ఉంచుకోండ్రి, పంట తినుండ్రి, అటుదిక్కు సీటు మాత్రం అడగొద్దు. సంతకం పెడుతరా?

కూకట్‌పల్లి: తమ్ముడు రేపే పెడతాడు. నేను ఆలోచించుకోవాలి.

హనుమకొండ: ఎందుకు?

కూకట్‌పల్లి: ఇక్కడ కార్డు వస్తుందో రాదో తెలీదు. వెనక్కి పోవాల్సొస్తే హైదరాబాదో, నాన్న ఊరో తెలీదు. ఉన్న రెండు తలుపుల్లో ఒకదాన్ని నా చేత్తో నేనే మూసుకోలేను. నువ్వు మూసుకున్నావు, ఒప్పుకుంటాను. చికాగోలో చెయ్యెత్తి పాత విధేయతలన్నీ వదులుకుంటున్నానని ప్రమాణం చేశావు. ఇప్పుడు నీ చేతిలో ఉన్నది ఓసీఐ కార్డు. హనుమకొండలో నీకు ఓటు లేదు, అరెకరం పొలం కొనలేవు. నా పేరు కూకట్‌పల్లి ఓటర్ల జాబితాలో ఉంది. చట్టం లెక్కలో తెలంగాణ నీకంటే నాకే దగ్గర.

హనుమకొండ: చట్టం లెక్కల. ఓటు లేకున్నా, పొలం కొనరాకున్నా హనుమకొండ నాదే. దానికి కాయితం అక్కెర లేదు.

కూకట్‌పల్లి: ఈ మాటే కూకట్‌పల్లి గురించి నేనంటే?

హనుమకొండ: అనుండ్రి, నేను కాదన. కానీ సీటు కాడికి పోతె బోనఫైడ్ అడుగుతరు. నా కొడుకునూ అడుగుతరు, అడగాలె గూడ. వాడు చదివింది నీక్వా వ్యాలీ హైస్కూల్ల.

కూకట్‌పల్లి: మా తమ్ముడి కూతురు చదివింది విజయవాడలో, రెండేళ్ళు. రెండూ ఒకటేనా?